పీడీఎఫ్ చేయని దరఖాస్తు

జూన్ 7, శనివారం

పేపర్లో ఆ ప్రకటన మా ఆవిడ వినోదే చూసింది. ముందు నా కంట పడి ఉంటే ఆ పేజీలో మిర్చి బజ్జీలు కట్టించుకుని తినేసేవాణ్ణి, గొడవ వదిలేది.

కరీంనగర్‌లో పదో తరగతి గైడ్లు, తెలుగు వ్యాకరణ పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థ ఒకటి ఉందట. వాళ్లకు ప్రూఫ్‌రీడర్ కావాలట. తెలుగులో ఎంఏ చేసి ఉండాలి, దిద్దిన అనుభవం ఉండాలి, కరీంనగర్‌లోనే నివాసం ఉండగలగాలి. దరఖాస్తు, సర్టిఫికెట్లు పద్దెనిమిదో తేదీ సాయంత్రం ఐదింటిలోపు ఈమెయిల్‌లో చేరాలి.

"నా కోసమే వేసినట్టున్నరు," అంది. ఆ ముక్క కత్తిరించి షాపు అద్దానికి లోపలివైపు అంటించింది, సరిగ్గా నా కుర్చీకి ఎదురుగా.

ఎంఏ ఉన్నమాట నిజమే. మా అమ్మాయి అమూల్య రెండో తరగతిలో ఉండగా దూరవిద్యలో చేసింది. అనుభవానికీ కొదవ లేదు. శ్రీరాంపూర్‌లో మా డీటీపీ షాపు పెట్టి పద్దెనిమిదేళ్లు. నేను టైపు చేస్తాను, ఆమె దిద్దుతుంది, ఆ తర్వాతే ఏ కార్డయినా ప్రెస్‌కు పోతుంది. "జీతం లేని అనుభవాన్ని అనుభవం అంటరా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మరి ఉండుడెక్కడ?"

"ఎల్లక్క ఇంట్ల. అక్కకు ఫోన్ గూడ చేసిన."

అంటే ప్రకటన చూసింది, కరీంనగర్‌లో ఉన్న అక్కతో మాట్లాడింది, అన్నీ ఖాయం చేసుకుని అప్పుడు నాకు టీ ఇచ్చి చెప్పింది. నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. ఉన్నమాట రాస్తున్నాను.

జూన్ 8, ఆదివారం

వాళ్లమ్మ సంగతి విని హన్మకొండ హాస్టల్ నుంచి అమూల్య ఫోన్ చేసింది. "అవ్వ కరీంనగర్ పోతే నువ్వెట్ల బాపూ?" అంది. "అన్నం వండుకునుడు నాకు రాదా?" అన్నాను. ఆ పిల్ల అడిగింది అన్నం సంగతి కాదని ఫోన్ పెట్టేశాక తట్టింది.

జూన్ 10, మంగళవారం

మా కాలనీ దేవదాస్ వచ్చాడు. కిందటేడు బొగ్గుబాయి నుంచి రిటైరై, ఇంట్లో కూర్చోలేక ఏదో సిమెంటు కంపెనీలో సెక్యూరిటీ పనికి తెలుగులో దరఖాస్తు పెట్టుకున్నాడు. టైపు చేయించింది ఇంకెక్కడో. అది పోయిన దారినే తిరిగొచ్చింది. ఫోన్ నా ముందు పెట్టాడు.

"ఇదేం భాష రాజేశం? నేను తెలుగుల రాయిచ్చిన గద."

చూస్తే ఏముంది, ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద టోపీలు, మధ్యమధ్య డాలర్ గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు. మా షాపుల్లో వాడే పాత తెలుగు ఫాంట్లతో ఇదే తంటా. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగు. లేని కంప్యూటర్లో తెరిస్తే ఇలాగే ఉంటుంది.

"దేవదాసన్నా, వర్డ్ ఫైలంటే పిండి ముద్ద అనుకో. అవతలోని పెంక ఎట్లుంటే రొట్టె అట్ల వస్తది. పీడీఎఫ్ అంటే కాల్చిన రొట్టె. ఎవలకు వంపినా గదే రొట్టె. తెలుగు కాయితం ఎప్పుడు గూడ పీడీఎఫ్ చేసే పంపాలె," అని పాఠం చెప్పి, మళ్లీ టైపు చేసి పీడీఎఫ్ పంపాను. టీ తాగించి పోయాడు.

వినోద ఒక పెళ్లి కార్డు దిద్దుతూ అంతా విన్నది. "జొన్న రొట్టెనా, గోధుమ రొట్టెనా?" అంది తల ఎత్తకుండానే.

జూన్ 12, గురువారం

మూడు రోజుల నుంచి ఆమె సర్టిఫికెట్లు స్కాన్ చేస్తున్నాను. డిగ్రీ పట్టా మీద ఎవరో పుణ్యాత్ముడు లామినేషన్ చేశాడు, లైటు పడగానే మధ్యలో తెల్లటి మరక. ఆ పుణ్యాత్ముణ్ణి నేనే. ఫోటోలు తీసి విడివిడిగా పెడదామంటే తొమ్మిది ఫైళ్లయ్యాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. అన్నీ కలిపి ఒక్క పీడీఎఫ్ చేస్తే పద్నాలుగు ఎంబీ. ఐదు దాటకూడదని ప్రకటనలో ఉంది. కుదిస్తే యూనివర్సిటీ ముద్ర చీమ చచ్చినట్టు కనబడుతోంది. మళ్లీ మొదలుపెట్టాను.

"ఏమయ్యా, కాలనీల అందరికి పది నిమిషాలల్ల చేసిస్తవు. నాకే మూడొద్దులాయె?"

"అందరి సర్టిఫికెట్లు, నీ సర్టిఫికెట్లు ఒక్కటేనా?"

దీనికి కోపం తెచ్చుకోవాలో సంతోషపడాలో తేలక లోపలికి పోయింది. నేను ఆలస్యం చేయడం లేదు. పని శుభ్రంగా చేస్తున్నాను. రెంటికీ తేడా ఉంది.

ఆమె పదో తరగతి మెమో ఇవాళే సరిగా చూశాను. తెలుగులో తొంభై ఒకటి. నాకు ముప్పై ఎనిమిది వచ్చాయి, అవీ మా సార్ దయ. పెళ్లిచూపుల నాడు ఈ సంగతి తెలిసి ఉంటే భయపడి మరో ఊరు చూసుకునేవాణ్ణి. తెలియకపోవడమే మంచిదైంది. నా బతుకులో ఇంత కలిసొచ్చిన తెలియనితనం మరొకటి లేదు.

జూన్ 14, శనివారం

సాయంత్రం షాపులో దరఖాస్తు రాశాం. బయట వాన. ఆమె అటూ ఇటూ నడుస్తూ చెబుతోంది, నేను టైపు చేస్తున్నాను. పెళ్లి కార్డు అయితే నేను చెప్పినట్టు ఆమె వింటుంది. ఇవాళ ఆమె పంతులమ్మ, నేను పిల్లగాణ్ణి. "కామా పెట్టినవా?" అంటుంది. "పెట్టిన" అంటాను. "ఎక్కడ పెట్టినవ్?" అంటుంది.

మధ్యలో ఆగింది.

"పద్దెనిమిదేండ్లల్ల నేను దిద్దినయన్ని పెండ్లి కార్డులు, గృహప్రవేశాలు, దినాల కార్డులేనాయె. పెండ్లి కాంగనే బుట్టల వడుతయి. ఒక్కనాడు పుస్తకం దిద్దాల్నని ఉన్నది నాకు. పిల్లలు సంచిల వెట్టుకొని ఏడాదంత తిరిగేటిది."

"ఇది గూడ టైపు చెయ్యాల్నా?"

"వద్దు. నీకు చెప్తున్న."

నేను కీబోర్డు వైపు చూశాను. తర్వాతి వాక్యం చెప్పమన్నాను.

చివరి వాక్యం మూడుసార్లు మార్చి చెప్పింది. "ఉద్యోగం ఇచ్చినచో కరీంనగర్‌లో ఉండగలను" అన్న చోట ఆగింది. టైపు చేశాను. ప్రూఫు చూస్తానని కుర్చీ దగ్గరికి జరిగేలోగా కరెంటు పోయింది. వచ్చేసరికి ఎల్లక్క ఫోన్, గంటసేపు. "నేను చూసిన, అంత మంచిగనే ఉన్నది," అన్నాను. వాన వెలిసింది కదా అని ఇంటికి వెళ్లిపోయాం.

జూన్ 16, సోమవారం

పంపేశాను. సాయంత్రం నాలుగు పది.

సర్టిఫికెట్లు పీడీఎఫ్‌లో పెట్టాను, నాలుగున్నర ఎంబీ, ముద్రలన్నీ కడిగినట్టు ఉన్నాయి. దరఖాస్తు మాత్రం వర్డ్ ఫైలుగానే పంపాను. అది దిద్దేవాళ్ల ఆఫీసు. పీడీఎఫ్ అయితే వాళ్లు వేలు పెట్టడానికి వీలుండదు, వర్డ్ అయితే కావలసిన చోట మార్చుకుంటారు. పెద్దవాళ్లకు పంపేటప్పుడు ఆ వెసులుబాటు ఇవ్వడం మర్యాద. ఇది నేను బాగా ఆలోచించే చేశాను.

అమూల్య ఫోన్. "బాపూ, పీడీఎఫేనా పంపింది?"

"నాకు నేర్పుతున్నవా బిడ్డా?" అన్నాను. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

వినోద సేమియా పాయసం చేసింది. రెండు గిన్నెలు తిన్నాను.

జూన్ 17, మంగళవారం

పొద్దున పదకొండుకు జవాబు వచ్చింది. సర్టిఫికెట్లు అందాయట. దరఖాస్తు ఫైలు తెరిస్తే అక్షరాలు చదవడానికి రావడం లేదట. రేపు సాయంత్రం ఐదింటిలోపు మళ్లీ పంపమన్నారు. మర్యాదగా రాశారు, చివర ధన్యవాదాలు కూడా చెప్పారు.

షాపు మెయిల్ కాబట్టి నేనొక్కణ్ణే చూశాను. రెండు నిమిషాల పని. నస్పూర్ వాళ్ల పెళ్లి కార్డు అయ్యాక చేద్దామనుకున్నాను.

ఆ కార్డు అయింది. ఇంకొకటి వచ్చింది.

షాపు మూసేటప్పుడు "ఏమన్న జవాబు వచ్చిందా?" అని అడిగింది.

"రాలే," అన్నాను.

రెండే అక్షరాలు. ఆమెతో ఇంతకుముందు ఆడిన అబద్ధాలన్నీ బజ్జీల గురించీ షుగర్ గురించీ. ఇది వాటిలో చేరదు.

జూన్ 18, బుధవారం

అంతా వరసగా రాసిపెట్టుకోవాలి, లేకపోతే రేపు నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

పొద్దున్నుంచి గడియారం చూస్తూనే ఉన్నాను. రెండున్నర దాటాక వినోద టిఫిన్ డబ్బా తెచ్చింది, బెండకాయ పులుసు. ముద్ద కలిపి పక్కన పెట్టాను. కడుక్కుని వచ్చి ఫోన్‌లో ఆ మెయిల్ తెరిచి ఆమె ముందు పెట్టాను. "నిన్ననే వచ్చింది," అన్నాను.

చదివింది. తేదీ చూసింది. మళ్లీ చదివింది. అరుస్తుందని కాచుకుని ఉన్నాను. అరవలేదు. "వర్డ్ పంపినవా?" అని మాత్రం అడిగింది. తల ఊపాను.

పంపిన ఫైలు ఫోన్‌లో తెరిచింది. దేవదాస్ ఫోన్‌లో చూసిన టోపీలూ డాలర్ గుర్తులూ మా ఫోన్‌లోనూ కనబడ్డాయి. ఆమె దాన్ని చదవడం మొదలుపెట్టింది.

ఆమెకు ఆ విద్య ఉంది. నాలుగేళ్ల కిందట సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో మా కంప్యూటర్ పాడై తెర మీద ఫాంటు కనబడకుండా పోయింది. రెండు నెలలు ఆ పిచ్చి గుర్తుల్లోనే కార్డులన్నీ దిద్దింది. ఏ టోపీ పెడితే ఏ అక్షరమో ఆమెకు తెలుసు. పద్దెనిమిదేళ్లుగా టైపు చేస్తున్న నాకు తెలియదు.

వేలు పెట్టి నెమ్మదిగా చదువుతోంది. "మాన్యులైన సంపాదకులకు... వినోద నమస్కరించి..." కామాలు కూడా వదలకుండా చదివింది. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. వెనక్కి పోయి మళ్లీ వచ్చింది.

"'కరీంనగర్‌లో ఉండలేను' అని ఉన్నది," అంది.

"లేదు. 'ఉండగలను' అనే కొట్టిన."

"కంప్యూటర్ల తెరువు."

తెరిచాను. మా ఫాంట్లో, పద్నాలుగు సైజులో, ఎవరికైనా కనబడేటట్టు ఉంది. ఉండలేను. అమూల్య మీద ఒట్టేసి రాస్తున్నాను, నా వేళ్లు ఎప్పుడు ఆ పని చేశాయో నాకు తెలియదు. నా చెవులు 'ఉండగలను' అనే విన్నాయి.

"తప్పు వడ్డది," అన్నాను.

"తప్పులు నాకు ఎర్కయ్యా. పద్దెనిమిదేండ్ల నుంచి నీ తప్పులే చూస్తున్న. పొల్లు వదిలేస్తవు, ఒత్తు వదిలేస్తవు. మాటకు మాట ఎన్నడు మార్చలే." కుర్చీ నా వైపు తిప్పింది. "ఎవలు ఉండలేరు?"

నేను మౌస్ పక్కకు జరిపాను.

"నేనా, నువ్వా?"

"నేనే," అన్నాను.

చెప్పేశాక మిగతాది తనంతట తనే వచ్చింది. పొద్దున షట్టర్ ఎత్తితే పక్క కుర్చీ ఖాళీగా ఉంటుందనీ, పేరు తప్పు పడితే తిట్టే మనిషి ఉండదనీ, ఇంటికి పోయి ఎవరితో ఏం మాట్లాడాలో తెలియదనీ, ఇన్ని రోజులు స్కాన్ చేసిందంతా అందుకేననీ. వర్డ్ ఫైలు సంగతి కూడా చెప్పాను. మర్యాద కోసం పంపలేదు. తెరుచుకోదని నాకు తెలుసు. తెలిసే పంపాను.

వినోద కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. పెళ్లయిన కొత్తలో ఒకసారి చూశాను అలాంటి ముఖం. "గీ మాట నోటితోని చెప్పరాదా? నౌకరి కాయితంల చెప్తరా ఎవలన్నా?" అంది. కళ్లు తుడుచుకుని, "వాళ్లకు తెర్వరాకపోవుడే మంచిదైంది. తెరిస్తే ఉండలేనన్న మనిషిని ఎట్ల పిలుస్తరు?" అంది.

అది నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

తర్వాత గొంతు మార్చింది. "ఇంక టైం ఉన్నది. వద్దంటే పంప, ఈడనే ఉంట, నీ మీద కోపం గూడ వెట్టుకోను. గని వద్దనేది నువ్వే చెప్పాలె, కంప్యూటర్ మీదికి నూకద్దు."

మూడు నలభై అయింది. ఒక్క మాటంటే ఉండిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెళ్లి కాగానే బుట్టలో పడే కార్డుల గురించి ఆమె శనివారం చెప్పింది. నాకు చెప్పింది, దరఖాస్తుకు కాదు.

"నువ్వు పోవుడు నాకు ఇష్టం లేదు," అన్నాను. "పో."

నా కుర్చీలోంచి లేచి ఆమెను కూర్చోబెట్టాను. 'లే' తీసేసింది, 'గల' పెట్టింది. రెండు వేళ్లతో కొడుతుంది, పిచ్చుక గింజలు ఏరినట్టు. పైనుంచి కిందికి మొత్తం చదివింది, ఇంకో రెండు తప్పులు దొరికాయి, అవి మాత్రం మామూలు తప్పులే. పీడీఎఫ్ నేను చేశాను. ఆమె ఫోన్‌కు పంపి తెరిచి చూశాం. ప్రతి అక్షరమూ తెలుగులోనే ఉంది.

నాలుగు ముప్పై అయిదుకు పంపాం. ఫైలుకు పేరు పెట్టమంటే 'వినోద' అని పెట్టింది. పొట్టిగా, ఒక్క మాట.

పులుసు చల్లారిపోయింది. ఇద్దరం దాన్నే తిన్నాం.

జూన్ 20, శుక్రవారం

అమూల్యకు వాళ్లవ్వ అంతా చెప్పేసినట్టుంది. ఫోన్ చేసి మాట్లాడకుండా అయిదు నిమిషాలు నవ్వింది.

జూన్ 27, శుక్రవారం

పరీక్షకు పిలిచారు, వెళ్లి వచ్చింది. ఇరవై పేజీలు ఇచ్చి తప్పులు పట్టమన్నారట. పట్టి, వాళ్లిచ్చిన సూచనల కాగితంలో కూడా రెండు తప్పులున్నాయని గీత పెట్టి ఇచ్చిందట. "గట్ల చేస్తరా ఎవలన్నా? తీసుకోరు ఇగ," అన్నాను. గొంతులో నాకు తెలియకుండానే కొంచెం ఆశ పలికింది, అది కూడా ఆమె పట్టుకుంది.

జూన్ 30, సోమవారం

తీసుకున్నారు. సంపాదకుడు తనే ఫోన్ చేశాడు. వచ్చే సోమవారం చేరాలి, శనివారం సాయంత్రం ఇంటికి రావచ్చు.

సంతోషంగానే ఉంది. నూటికి అరవై పాళ్లు.

జూలై 4, శుక్రవారం

డెబ్భై పాళ్లు. దేవదాస్ దారిలో ఆపి, "మీ ఇంటామె పుస్తకాలు దిద్దుతదట గద," అని పెద్ద మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. నేనేదో ఘనకార్యం చేసినట్టు తల ఊపాను.

జూలై 7, సోమవారం

పొద్దున ఆరున్నర బస్సు. సంచులు రెండు, చీరలది ఒకటి, నిఘంటువులది ఒకటి. నిఘంటువుల సంచి రాయిలా ఉంది. అది పైన పెట్టి దిగుదామని ఎక్కాను. పెట్టేలోగా బస్సు కదిలింది. డ్రైవర్ని ఆపమని అరవవచ్చు. అరవలేదు.

కండక్టరమ్మ వచ్చింది. వినోద ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుంది. "నీకెక్కడికి సారూ?"

"ఇందారం," అన్నాను. దగ్గరే కదా, దిగి ఆటోలో వెనక్కి రావచ్చు.

ఇందారం వచ్చింది. "గోదావరిఖని ఇయ్యమ్మా," అన్నాను. గోదావరి వంతెన దాటేటప్పుడు నీళ్లు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. ఇద్దరం ఒకే కిటికీలోంచి చూశాం. గోదావరిఖని వచ్చింది. పెద్దపల్లికి తీసుకున్నాను. పెద్దపల్లిలో సుల్తానాబాద్‌కు తీసుకున్నాను.

"ఎక్కడిదాక పోతవో ఒక్కటేసారి చెప్పరాదు సారూ? ఎన్నిసార్లు కొట్టాలె టికెట్?" అంది కండక్టరమ్మ.

వినోద కిటికీ వైపు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. నవ్వుతోంది. సుల్తానాబాద్ వచ్చేసరికి నవ్వు తగ్గి నా చేయి పట్టుకుంది, బస్సులో అంతమంది ఉండగా. కరీంనగర్‌కు ఇంకో టికెట్ తీసుకున్నాను.

బస్టాండులో ఎల్లక్క ఉంది. "నువ్వు గూడ వచ్చినవా తమ్మీ?" అంది. "సంచి బరువున్నది వదినే," అన్నాను. సంచులు ఎల్లక్క ఇంటికి పంపించి, నేనూ వినోదా ఆఫీసు దాకా నడిచాం. పాత మేడ, మెట్ల మీద పుస్తకాల కట్టలు, లోపలి నుంచి బంక వాసన. గేటు దగ్గర ఆగి నన్ను ఎగాదిగా చూసింది. "గుండీలు తప్పు వెట్టుకున్నవ్," అంది. రోడ్డు మీదే పై నుంచి ఒక్కొక్కటీ విప్పి సరిగా పెట్టింది. అయ్యాక ఒకసారి పైనుంచి కిందికి చూసుకుంది.

"పో ఇగ. షాపు తెరువు," అంది.

మెట్లు ఎక్కింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఉన్నాను. చూడలేదు. లోపలి నుంచి ఎవరో "రండమ్మా, మీ టేబుల్ ఇది," అనడం వినబడింది.

తిరుగు బస్సు ఎక్కాను. పక్క సీటు ఖాళీ. కండక్టర్ ఎక్కడికని అడిగాడు. శ్రీరాంపూర్ అన్నాను. ఒక్క టికెట్‌తోనే వచ్చాను.